ఎక్కేటప్పుడు దగ్గు, దిగేటప్పుడు పేలుడు: సింహాచలం ఘాట్ రోడ్డు మీద ఒక స్కూటర్ కేసు

మొన్నటి ఆషాఢం మొదట్లో ఒక ఉదయం విశాఖ గోపాలపట్నంలోని మా మెకానిక్ షెడ్డు ముందు ఒక స్కూటర్ వచ్చి ఆగింది. ఆగిపోయింది అనడమే సరి. నడిపే ఆమె స్టాండు వేయకముందే ఇంజను రెండుసార్లు దగ్గి, సైలెన్సర్‌లో టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. కాళ్లు పెట్టుకునే చోట రెండు ఖాళీ పూలబుట్టలు, వెనక సీటు మీద తడిసిన గోనెపట్టా. ఆమె రోజూ తెల్లవారుజామున సింహాచలం కొండ మీదికి పూలు చేరవేస్తుంది. సంపెంగల కాలంలో సంపెంగలు, మిగతా రోజుల్లో బంతి, చామంతి, తులసి మాలలు.

"అన్నయ్యా, దీన్ని ఇప్పటికే ఇద్దరికి చూపించాను. ప్లగ్గు రెండుసార్లు మార్చారు, కార్బ్యురేటర్ రెండుసార్లు కడిగారు, ఏదో నల్ల డబ్బా కూడా కొత్తది వేశారు. అయినా కొండ దిగుతుంటే తుపాకీ పేల్చినట్టు పేలుతోంది. నిన్న దారి పక్కన నడుస్తున్న ఒక ముసలావిడ ఉలిక్కిపడి పడబోయింది. నాకు భయంగా ఉంది" అంది.

బండి 2015 మోడల్, 110 సీసీ గేర్లు లేని స్కూటర్. ఫోర్ స్ట్రోక్ ఇంజను, ఫ్యాను గాలితో చల్లబడే రకం, గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపే కార్బ్యురేటర్‌తో నడిచేది. మీటరు 47,600 కిలోమీటర్లు చూపిస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త స్కూటర్లు ఇంజెక్షన్‌కు, అంటే సెన్సర్లు చూసి పెట్రోలు చిమ్మే పద్ధతికి, మారాయి. అయినా మా షెడ్డుకు వచ్చే బండ్లలో కార్బ్యురేటర్‌వి ఇంకా చాలా ఉన్నాయి. వాటిని నడిపేవాళ్లలో ఎక్కువమంది ఆ బండి మీదే బతికేవాళ్లు. అందుకే ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా, నేను పొరపడిన చోటుతో సహా రాస్తున్నాను.

ముందు మాటలు, తరవాత స్పానర్లు

ఇలాంటి బండి వచ్చినప్పుడు చెయ్యి కార్బ్యురేటర్ వైపే పోతుంది. దాన్ని ఆపుకుని ముందు చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో అడగాలి. "పేలుతోంది" అనే ఒక్క మాట కింద రెండు వేరు జబ్బులు ఉంటాయి.

ఒకటి సైలెన్సర్‌లో పేలుడు. సిలిండర్లో కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి బయటికి పోతూ, వేడి గొట్టంలో ఎక్కడో కొత్త గాలి తగిలితే అక్కడ అంటుకుంటుంది. రేసు వదిలి పల్లంలో దిగేటప్పుడు ఇది ఎక్కువ. రెండోది కార్బ్యురేటర్ వైపు వెనక్కి తన్నడం. మిశ్రమాన్ని సిలిండర్లోకి వదిలే ఇన్‌లెట్ వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా, నిప్పురవ్వ తప్పు సమయంలో పడినా, మిశ్రమంలో పెట్రోలు తగ్గి మరీ పలచబడి మెల్లగా కాలుతూ వాల్వు మళ్లీ తెరుచుకునేదాకా మండుతున్నా మంట వెనక్కి వస్తుంది. అప్పుడు చప్పుడు ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోంచి "ఫుట్" మని వినిపిస్తుంది. మొదటిది పెద్దగా భయపెడుతుంది. రెండోది చిన్నగా ఉంటుంది కాని ఇంజను లోపలి సంగతి చెబుతుంది. ఈ కేసులో నేను ఆ రెండోదాన్ని సరిగ్గా వినలేదు.

ఆమెను అడిగి ఒక కాగితం మీద రాసుకున్నాను. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదటి సెల్ఫుకే స్టార్ట్ అవుతుంది. గోపాలపట్నం నుంచి కొండ కిందిదాకా ఇబ్బంది లేదు. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక రెండో మలుపు దాటేసరికి ఆగి ఆగి లాగుతుంది, బుట్టలు నిండుగా ఉన్న రోజు మరీ ఎక్కువ. పైన సరుకు దించి వెంటనే స్టార్ట్ చేస్తే ఒక్కోసారి సీటు కింద చిన్నగా తన్నినట్టు అనిపిస్తుంది. దిగేటప్పుడు పెద్ద పేలుళ్లు.

తరవాత అడిగిన ప్రశ్నే ఈ కేసుకు తాళంచెవి అయింది. ఏది ఎప్పుడు మొదలైంది? అంతకు ముందు బండికి ఏం చేయించారు?

ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది. ఎక్కేటప్పుడు బలం తగ్గడం సంక్రాంతి నాటికే కొద్దిగా ఉంది. హోలీ దాటాక వెనక టైరు మార్పించింది. ఆ వారం నుంచే దిగేటప్పుడు పేలడం మొదలైంది. దానికోసం కార్బ్యురేటర్ కడిగించింది, తగ్గలేదు. మళ్లీ కడిగించాక బండి నిలబడి ఉన్నా ఇంజను పరుగెత్తుతోంది, బ్రేకు పట్టుకోకపోతే తానే ముందుకు కదులుతోంది. అదే ఇంజను ఘాట్ ఎక్కి దిగాక సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది.

అంటే జబ్బు ఒకటి కాదు. వేర్వేరు నెలల్లో, ఒకదాని మీద ఒకటి చేరాయి. తరవాత తేలింది ఏమిటంటే, మూడింటిలో రెండు రిపేరు చేయించడం వల్లే పుట్టాయి.

కాదని తేల్చినవి

ముందు పెట్రోలు. వానాకాలం, రోజూ తడి బుట్టలు మోసే బండి కాబట్టి ట్యాంకులో నీళ్లు దిగాయేమోనని మొదటి అనుమానం. కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె కింద ఉండే స్క్రూ వదులు చేసి, లోపలిది శుభ్రమైన గాజు సీసాలోకి పట్టాను. 2023 ఫిబ్రవరి నుంచి ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ను తనతో లాక్కుని అడుగున వేరే పొరగా దిగిపోతుంది. ఆ పొర కార్బ్యురేటర్ జెట్టులోకి, అంటే పెట్రోలు పోసే సన్న రంధ్రంలోకి, వెళ్లిందంటే ఏ ఇంజనైనా దగ్గుతుంది. సీసాను కదపకుండా పావుగంట ఉంచి వెలుతురుకు ఎత్తి చూశాను. అడుగున గీత లేదు, బుడగ లేదు. పెట్రోలు బాగుంది.

ఇథనాల్ గురించి ఇంకో మాట చెప్పాలి. పెట్రోలు పూర్తిగా కాలడానికి తన బరువుకు సుమారు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ ఈ తేడా చూసి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బ్యురేటర్‌కు కళ్లు లేవు. జెట్టు రంధ్రం ఎంతో అంతే పోస్తుంది. అందువల్ల పాత స్కూటర్లో మిశ్రమం ముందే కాస్త పలచగా ఉంటుంది, ఇంకెక్కడైనా గాలి లీకు చేరితే తట్టుకునే ఓపిక తక్కువ. దీన్ని చూపించి ప్రతి జబ్బునూ పెట్రోలు మీదికి నెట్టేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. సీసా పరీక్షకు పావుగంట పడుతుంది, అంతే.

కొంత దూరం వెళ్లాక మొదలయ్యే దగ్గుకు ట్యాంకు మూత కూడా కారణం కావచ్చు. మూతలో గాలి లోపలికి వెళ్లే సన్న దారి మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. ఆమెను మర్నాడు దగ్గు మొదలవగానే బండి ఆపి, మూత ఒకసారి తెరిచి మూసి చూడమన్నాను. తేడా లేదని ఫోను చేసి చెప్పింది.

ఇక నిప్పు. ఆ "నల్ల డబ్బా" సీడీఐ, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె. అదృష్టం కొద్దీ ఆమె పాతదాన్ని పారేయకుండా కవర్లో చుట్టి సీటు కింద పెట్టుకుంది. పాతది బిగించాను, బండి ప్రవర్తనలో మార్పు లేదు. అంటే ఆ డబ్బు వృథా. వేడెక్కితే చచ్చిపోయే ఇగ్నిషన్ కాయిళ్లు ఉంటాయి, అవి షెడ్డులో చల్లగా ఉన్నప్పుడు దొరకవు. ప్లగ్గుకూ క్యాపుకూ మధ్య చిన్న స్పార్క్ టెస్టర్ పెట్టి, దీపం వెలగడం కనిపించేలా తీగ బయటికి తెచ్చి నడిపి చూశాను. దగ్గుతున్నప్పుడు కూడా రవ్వ ఒక్కటీ తప్పలేదు. విశాఖ ఉప్పుగాలికి కాయిల్ ఎర్తు బిందువు తుప్పుపట్టడం మాకు మామూలే. దాన్నీ గీకి శుభ్రం చేశాను. టైమింగ్ లైటు పెట్టి చూస్తే ఫ్లైవీలు (ఇంజనుతో పాటు తిరిగే చక్రం) మీది గుర్తు ఉండాల్సిన చోటే ఉంది. ఫ్లైవీలు కీ కోసుకుపోయి టైమింగ్ జరిగితే కూడా వెనక్కి తన్నుతుంది కాబట్టి ఆ పరీక్ష తప్పనిసరి.

ప్లగ్గు తీసి చూస్తే పింగాణీ తెల్లగా, సున్నం రాసినట్టు ఉంది. వేసి వారమే అయింది కాబట్టి ఆ రంగు ఇటీవలి సంగతే చెబుతోంది. పలచటి మిశ్రమం, అధిక వేడి.

మొదటి రిపేరు

వెనక టైరు మార్చాలంటే ఈ రకం స్కూటర్లో సైలెన్సర్ తీయాలి. సైలెన్సర్ గొట్టం ఇంజను హెడ్డుకు (సిలిండర్ పైమూతకు) కలిసే చోట ఒక రింగు గ్యాస్కెట్ ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగింది రెండోసారి నలగదు. కొత్తది వేయాలి. టార్చి పెట్టి చూస్తే ఆ అతుకు చుట్టూ నల్లటి మసి చారలు, గొట్టం పక్క ఫిన్ల మీద కూడా మసి. పాత రింగే తిరిగి వేశారు.

గ్యాస్ బయటికి పోతే పోయింది, పేలడం ఎందుకని చాలామంది అడుగుతారు. సైలెన్సర్‌లో ఒత్తిడి ఒకే తీరుగా ఉండదు, అలలు అలలుగా వస్తుంది. ఒక్కో అల తరవాత క్షణకాలం బయటికన్నా ఒత్తిడి తగ్గి, ఆ సందులోంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. రేసు మూసి దిగేటప్పుడు సిలిండర్లోకి వెళ్లే మిశ్రమం సరిగ్గా అంటుకోదు, కాలని ఆవిరి వేడి గొట్టంలోకి వస్తుంది. అక్కడ ఈ కొత్త గాలి ఎదురవుతుంది. పేలుడుకు కావలసినవన్నీ ఒకచోట చేరినట్టే.

ఇలాంటి స్కూటర్లలో ఎగ్జాస్ట్‌లోకి కావాలనే గాలి పంపే ఒక చిన్న వాల్వు కూడా ఉంటుంది, కాలని పెట్రోలును కాల్చి పొగ తగ్గించడానికి. రేసు వదిలినప్పుడు అది మూసుకోవాలి. మూసుకోకపోతే ఇదే పేలుడు. దాని గొట్టాన్ని తాత్కాలికంగా నొక్కిపట్టి చూస్తే పేలుళ్లు తగ్గలేదు, కాబట్టి అది బాగానే ఉంది. కొందరు ఆ గొట్టాన్ని శాశ్వతంగా మూసేసి "రిపేరు అయింది" అని పంపుతారు. అది రిపేరు కాదు. ఆ బండి వెనక వచ్చేవాళ్ల ఊపిరితిత్తుల మీద వేసిన భారం.

తరవాత కార్బ్యురేటర్ వైపు. చల్లగా ఉన్నప్పుడు ఐడ్లింగ్, అంటే రేసు ఇవ్వకుండా ఇంజను తిరిగే వేగం, నిమిషానికి 2,300 చుట్లు. ఈ బండికి 1,700 దగ్గర ఉండాలి. స్ప్రే సీసాతో మామూలు నీళ్లను, కార్బ్యురేటర్‌ను హెడ్డుకు కలిపే మేనిఫోల్డు గొట్టం అతుకు మీద సన్నగా కొట్టాను. కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టేవాళ్లు ఉన్నారు, వేడి ఇంజను మీద అది నిప్పుతో చెలగాటం. నీళ్లు చాలు. హెడ్డుకు తగిలే అతుకు కింది మూల నీళ్లు పడగానే ఇంజను గొంతు మారింది. విప్పితే సందు మూసే ఓ-రింగు తన గాడిలోంచి ఒకచోట బయటికి జారి, ఫ్లాంజి కింద నలిగి తెగి ఉంది. కార్బ్యురేటర్ కడిగి తిరిగి బిగించినప్పుడు జరిగిన పని అది. రెండు బోల్టులనూ వంతుల వారీగా కొద్దికొద్దిగా బిగించకుండా ఒకదాన్ని ముందే పూర్తిగా బిగిస్తే ఇలాగే అవుతుంది.

మిశ్రమంలో పెట్రోలు పాలు సర్దే మిక్శ్చర్ స్క్రూను కదిపే ముందు, లోపలికి పూర్తిగా తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టాను. నాలుగుకు కాస్త తక్కువ. గాలి లీకును కప్పిపుచ్చడానికి ఎవరో పెట్రోలు పెంచేశారు. దానివల్ల పల్లంలో దిగేటప్పుడు సైలెన్సర్‌లోకి ఇంకాస్త కాలని పెట్రోలు చేరింది, పేలుడు ఇంకాస్త పెద్దదైంది.

కొత్త ఎగ్జాస్ట్ గ్యాస్కెట్, కొత్త ఓ-రింగు వేశాను. స్క్రూను రెండు చుట్ల దగ్గర పెట్టి, ఇంజను వేడెక్కాక ఐడ్లింగ్ సర్దాను. ఎయిర్ ఫిల్టర్ తడిసి ముద్దగా ఉంటే అదీ మార్చాను. గోపాలపట్నం నుంచి వేపగుంట వైపు వెళ్లి, మొత్తం ఎనిమిది కిలోమీటర్లు నడిపాను. పల్లంలో రేసు వదిలితే ఒక్క పేలుడూ లేదు. ఐడ్లింగ్ 1,700 దగ్గర నిలకడగా ఉంది. సంతోషంగా బండి అప్పగించాను.

అయిదో రోజు

అయిదో రోజు ఆమె మళ్లీ వచ్చింది. పేలుళ్లు లేవు. "కానీ అన్నయ్యా, నిన్న మూడో మలుపులో నిండు బుట్టలతో ఎక్కుతుండగా బండి ఆగిపోయింది. వెనక బస్సు వస్తోంది. కాళ్లు ఆనించి ఎలాగో పక్కకు తీశాను. గిరిప్రదక్షిణ ఇంకో వారమే ఉంది, ఆ రెండు రోజులూ రోజుకు నాలుగు సార్లు ఎక్కాలి" అంది.

ఆ మాట విన్నాక నా కాగితం తీసి మళ్లీ చదివాను. సంక్రాంతి నాటి బలహీనత, వేడి మీద స్టార్ట్ చేస్తే సీటు కింద తన్నడం, కొండ దిగాక ఐడ్లింగ్ పడిపోవడం. మూడూ నా చేతిరాతలోనే ఉన్నాయి. టైరు మార్చకముందు, కార్బ్యురేటర్ విప్పకముందు ఉన్న జబ్బును నేను ముట్టుకోనేలేదు. పెద్ద చప్పుడు పోగానే పని అయిపోయిందనుకున్నాను. పైగా ఒంటరిగా, చదును రోడ్డు మీద, ఎనిమిది కిలోమీటర్లు నడిపి చూశాను. ఆమె నడిపేది బరువుతో, ఏటవాలు మీద. అదే దారిలో, అదే బరువుతో నడపాల్సింది. ఆ తప్పు వల్ల ఒక మనిషి ఘాట్ మలుపులో బస్సు ముందు నిలబడిపోయింది. అందుకే ఈ వాక్యాలు రాస్తున్నాను.

ఈసారి రెండు బుట్టల్లో నలభై కిలోల ఇసుక నింపి, కంప్రెషన్ గేజీ, ప్లగ్గు స్పానర్, చేతి తొడుగులు సంచిలో వేసుకుని నేనే ఘాట్ ఎక్కాను. బయలుదేరే ముందు షెడ్డులో చల్లటి ఇంజను కంప్రెషన్, అంటే పిస్టన్ సిలిండర్లో నొక్కే ఒత్తిడి, చదరపు సెంటీమీటరుకు 11.5 కిలోలు చూపింది. మూడో మలుపుకు ముందే దగ్గు మొదలైంది, ముందు సన్నగా, తరవాత స్పష్టంగా. పైన పార్కింగ్ పక్కన ఆపి, ప్లగ్గు తీసి, గేజీ బిగించి, రేసు పూర్తిగా తెరిచి సెల్ఫు కొట్టాను. 7.5 కిలోలు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్లగ్గు తీసి సెల్ఫు కొట్టేటప్పుడు ప్లగ్గును క్యాపులో పెట్టి, దాని లోహాన్ని ఇంజనుకు ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉంచాలి. లేకపోతే సీడీఐ దెబ్బతినవచ్చు, రంధ్రంలోంచి చిమ్మే పెట్రోలు ఆవిరి అంటుకోనూవచ్చు. ఇంకొకటి, కొన్ని ఇంజన్లలో స్టార్టింగ్ తేలికవడానికి కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి ఒక్క అంకెను కాదు, ఇంజను చల్లగా ఉన్నప్పటి అంకెకూ వేడి మీది అంకెకూ మధ్య తేడా చూడాలి. ఇక్కడ మూడో వంతు పోయింది.

వేడికి ఎక్కడి నుంచి పోతోంది? షెడ్డుకు వచ్చిన వెంటనే, ఇంజను చల్లారకముందే, పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర నిలిపి, ఫ్లైవీలును హోల్డర్‌తో పట్టించి, ప్లగ్గు రంధ్రంలోంచి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించాను. పట్టు లేకుండా గాలి ఎక్కిస్తే క్రాంకు తిరిగి వేళ్లు నలుగుతాయి. ఒక రబ్బరు గొట్టం చివర చెవికి పెట్టుకుని విన్నాను. ఆయిల్ పోసే రంధ్రం దగ్గర సన్నటి ఊపిరి మాత్రమే, అంటే పిస్టన్ రింగులు పరవాలేదు. కార్బ్యురేటర్ నోటి దగ్గర కొద్దిగా బుస. సైలెన్సర్ చివర బుస స్పష్టంగా, ఆగకుండా ఉంది. రెండు వాల్వులూ మూసుకోవడం లేదు, ఎగ్జాస్ట్ వాల్వు మరీను.

ఎవరూ తెరవని మూత

టాపెట్ గ్యాపు, అంటే వాల్వు కాడకూ దాన్ని నొక్కే రాకర్ అనే మీటకూ మధ్య సందు, చల్లటి ఇంజను మీదే చూడాలి. రాత్రంతా వదిలేసి మర్నాడు ఉదయం ఆరింటికి కవరు తీశాను. బోల్టుల మీది రంగు చెక్కుచెదరలేదు. 47,600 కిలోమీటర్లలో ఆ మూత ఎవరూ తెరవలేదన్నమాట. ఫ్లైవీలును టి గుర్తుకు (పిస్టన్ పైకొసకు చేరిందని చెప్పే గుర్తుకు) తెచ్చి, రెండు రాకర్లూ వదులుగా ఉండాల్సిన స్థితిలో నిలిపాను. ఎగ్జాస్ట్ వైపు 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) కూడా దూరలేదు. ఇన్‌లెట్ వైపు అదే గేజ్ బిగుతుగా, గీసుకుంటూ పోయింది. రెండూ కంపెనీ పుస్తకం చెప్పిన కొలతకు చాలా తక్కువ. ఆ కొలత మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి అంకె ఇక్కడ రాయడం లేదు. మీ బండి పుస్తకం చూసే పెట్టుకోండి.

వాడకంలో వాల్వు తన సీటును (మూసుకున్నప్పుడు ఆనే అంచును) కొంచెం కొంచెం తింటూ లోపలికి కూర్చుంటుంది. దాని కాడ చివర ఆ మేరకు రాకర్ వైపు పైకి వస్తుంది, గ్యాపు తగ్గుతుంది. వాల్వు వేడికి సాగుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు తల 600, 700 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. సాగడానికి చోటు లేకపోతే వాల్వు వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. పైగా ఆ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆనకపోతే ఇంకా వేడెక్కుతుంది, ఇంకా సాగుతుంది, ఇంకా లీకవుతుంది. చల్లటి ఉదయం బాగా నడిచి, బరువుతో ఘాట్ ఎక్కగానే కుంటే బండి కథ ఇదే. కార్బ్యురేటర్ వైపు "ఫుట్" మనడం ఇన్‌లెట్ వాల్వు బిగుతు వల్లే.

గ్యాపు ఎక్కువైన టాపెట్లు టకటకమంటాయి. ఆ చప్పుడు విని యజమాని కంగారుగా వస్తాడు. గ్యాపు తగ్గిన టాపెట్లు చప్పుడు చేయవు. ఇంజను మునుపటి కన్నా మెత్తగా ఉందని మెచ్చుకుంటాం కూడా. ఈ బండి విషయంలో "ఇంజను చప్పుడు మాత్రం చాలా బాగుంది" అని మొదటి రోజు నేనే అన్నాను.

రెండు గ్యాపులనూ పుస్తకం ప్రకారం పెట్టాను. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతుంది కాబట్టి, బిగించాక ప్రతిసారీ గేజ్ మళ్లీ పెట్టి చూడాలి. నాకు ఎగ్జాస్ట్ వైపు మూడుసార్లు పట్టింది. కవరు రింగు కొత్తది వేశాను. మళ్లీ నలభై కిలోల ఇసుకతో అదే ఘాట్ వరుసగా రెండుసార్లు ఎక్కాను. దగ్గు లేదు. పైన కంప్రెషన్ 10.8 కిలోలు. వేడి మీద పదిసార్లు స్టార్ట్ చేస్తే ఒక్కసారీ వెనక్కి తన్నలేదు. దిగి వచ్చాక ఐడ్లింగ్ 1,700 నుంచి కదల్లేదు. తెల్లటి ప్లగ్గు స్థానంలో పెట్టిన కొత్తది పది రోజుల తరవాత లేత గోధుమరంగుకు వచ్చింది.

గాలి పరీక్ష మళ్లీ చేస్తే సైలెన్సర్ వైపు సన్నటి బుస ఇంకా మిగిలే ఉంది. నెలల తరబడి లీకైన వాల్వు అంచు ఎంతో కొంత కాలి ఉంటుంది. సరైన వైద్యం హెడ్డు విప్పి, వాల్వు మార్చి, సీటు కోయించడం. దానికి బండి మూడు రోజులు షెడ్డులో ఉండాలి, ఖర్చు కూడా వేలల్లో. గిరిప్రదక్షిణకు ఆరు రోజులు ఉంది. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇప్పటికి ఇది నమ్మకంగా నడుస్తుంది, పూర్తిగా నయం కాలేదు, గ్యాపు మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి. ఆమె నడపడానికే నిర్ణయించుకుంది. నేను కూడా అదే సరైనదనుకున్నాను.

నా దగ్గరికి రాకముందు ఆమె పెట్టిన ఖర్చు 3,100 రూపాయలు. నా చేతుల మీదుగా పడిన గ్యాస్కెట్, రింగులు, ఫిల్టర్, ప్లగ్గు అన్నీ కలిపి వెయ్యికి లోపే. రెండోసారి కూలి తీసుకోలేదు, మొదటిసారే చేయాల్సిన పని అది.

ప్రదక్షిణ రెండు రోజులూ బండి ఆగలేదు. 500 కిలోమీటర్లకు ఒకసారి చూశాను, గ్యాపులు పెట్టినచోటే ఉన్నాయి. కార్తికంలో, 3,000 దాటాక మళ్లీ చూస్తే ఇన్‌లెట్ మారలేదు, ఎగ్జాస్ట్ మాత్రం 0.02 మిల్లీమీటర్లు తగ్గింది. వేడి మీద కంప్రెషన్ 10.4. ఎగ్జాస్ట్ గ్యాపును తిరిగి సరిచేసి, ఈ అంకెలన్నీ ఒక అట్టముక్క మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద కట్టాను. వేరే ఊళ్లో వేరే మెకానిక్ విప్పినా ముందు అది చదవాలని. వైశాఖంలో చందనోత్సవం రద్దీ దాటిన వారం హెడ్డు విప్పడానికి ఒప్పుకుంది. వాల్వు, గైడు సీలు ఇప్పుడే తెప్పించి పెట్టాను.